నార్మలా, ప్రీమియమా? వరంగల్ రోడ్ల మీద రోజూ తిరిగే కారుకు ఏ పెట్రోల్ కొట్టించాలి

హన్మకొండలో గానీ కాజీపేటలో గానీ బంకులోకి కారు తిప్పగానే నాజిల్ పట్టుకున్న అబ్బాయి అడిగే మొదటి మాట, "సార్, నార్మలా, పవరా?" బంకును బట్టి ఆ రెండో పేరు మారుతుంది. ఇండియన్ ఆయిల్ అయితే ఎక్స్‌పీ, భారత్ పెట్రోలియం అయితే స్పీడ్, హెచ్‌పీ అయితే పవర్, అన్నీ ప్రీమియం పెట్రోళ్లే. వెనక ఆటోవాళ్లు హారన్ కొడుతుంటారు, తేల్చుకునే టైమ్ ఉండదు. పది లక్షలు పోసి కారు కొన్నాం, లీటరుకు ఏడెనిమిది రూపాయల దగ్గర పీనాసితనం దేనికిలే అనుకుని "సరే, కొట్టు" అనేస్తారు చాలామంది. ఆ తేల్చుకోవడమేదో ఇంట్లో కూర్చుని ఒక్కసారి చేసుకుంటే బంకులో తడబడే పని ఉండదు.

నా మాట ముందే చెప్పేస్తాను. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగం) లేని మామూలు పెట్రోల్ కారుకు, అంటే స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10, టియాగో, అమేజ్ లాంటి వాటికి, ప్రీమియం వల్ల రోజువారీగా కలిసొచ్చేది చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. టర్బో కార్లకు కొన్ని సందర్భాల్లో ఉంటుంది. ట్యాంకు మూత మీద 98 ఆక్టేన్ అని రాసి ఉన్న ఖరీదైన కార్లకు 97, 100 రకాలు నిజంగానే పనికొస్తాయి. మధ్యలో ఉన్న 95 రకం ప్రీమియానికే ఇప్పుడు అన్నిటికన్నా విలువ తగ్గిపోయింది. ఎందుకో చెప్తాను.

ఆక్టేన్ అంకె దేన్ని కొలుస్తుంది

ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్‌లో ఎక్కువ పవర్ ఉంటుందని మన దగ్గర గట్టి నమ్మకం. పేర్లు పెట్టడంలో కంపెనీలు కూడా ఆ నమ్మకానికి బాగానే నీళ్లు పోశాయి. ఆ అంకె కొలిచేది వేరే. ఇంజన్ లోపల పెట్రోల్ ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి వచ్చి నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ ఇచ్చాక మంట ఒక పక్కనుంచి వరుసగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం ఆ వేడికి, ఒత్తిడికి ఆగలేక తనంతట తానే భగ్గుమంటే దాన్నే నాకింగ్ అంటాం. అలా ముందే అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబర్. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని, ఆ కొలబద్ద మీద పెట్రోల్‌ను తూచుతారు. స్టిక్కర్ల మీద ఆర్ఓఎన్ అని కనిపించేది ఇదే.

నాకింగ్ ఎలా ఉంటుందో వినాలంటే మే నెల మధ్యాహ్నం ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జిని పెద్ద గేర్లో నెమ్మదిగా ఎక్కించండి. స్పీడు చాలకపోయినా గేర్ దించకుండా యాక్సిలరేటర్ నొక్కితే బానెట్ కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు సన్నగా చప్పుడొస్తుంది. గేర్ ఒకటి దించితే చాలు, ఆగిపోతుంది. ఈ చప్పుడు విని "పెట్రోల్ మంచిది కాదు" అని తేల్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. తొందరగా పెద్ద గేర్ వేసే అలవాటు మానుకుంటే పైసా ఖర్చు లేకుండా తీరిపోయే గోల అది.

ఇప్పటి కార్లలో అసలు ఆ చప్పుడు వినిపించడమే తక్కువ. ఇంజన్ బ్లాకుకు నాక్ సెన్సర్ ఉంటుంది. అది అదురును పట్టి కంప్యూటర్‌కు చెప్తుంది, కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యంగా ఇచ్చి ఇంజన్‌ను కాపాడుతుంది. అలా ఆలస్యం చేసినప్పుడు పికప్ కొంచెం పడిపోతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ చేసేదల్లా, ఆ పడిపోయినదాన్ని తిరిగి రానివ్వడమే. మీ ఇంజన్‌కు మామూలు పెట్రోల్‌తోనే నాకింగ్ రావడం లేదంటే తిరిగి రావలసింది ఏదీ లేదు. కంపెనీ రాసిపెట్టిన హద్దు దాటి కంప్యూటర్ ముందుకు పోదు.

ఈ20 వచ్చాక మారిన లెక్క

ఇంటర్నెట్‌లో కనిపించే పోలికలు చాలావరకు పాత లెక్కతో రాసినవి. మామూలు పెట్రోల్ 91, ప్రీమియం 95, కాబట్టి నాలుగు పాయింట్ల తేడా అని వాటిలో ఉంటుంది. బీఎస్-2 (కాలుష్య నిబంధనల పాత దశ) రోజుల్లో మామూలు పెట్రోల్ 88, బీఎస్-4 నాటికి 91 అయింది, అంతవరకు నిజమే. కానీ 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక మామూలు పెట్రోల్‌కే ఆర్ఓఎన్ 95 అయిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే ప్రకటించింది. ఇథనాల్ ఆక్టేన్ 108.5 దాకా ఉంటుంది, కలిపే ముందు పెట్రోల్‌ది 84.4 అని అదే ప్రకటనలో ఉంది. అంటే చెరకు నుంచి, బియ్యం నుంచి, మక్కల నుంచి తీసిన ఆ ఇథనాలే ఆక్టేన్‌ను పైకి లేపుతోంది.

దీన్ని బట్టి చూస్తే ఎక్స్‌పీ 95, పవర్ 95 అని అంకె చూపించి అమ్మేదానికీ, పక్క నాజిల్లోంచి వచ్చే మామూలు దానికీ ఆక్టేన్‌లో తేడా దాదాపు కరిగిపోయింది. లీటరుకు అదనంగా ఇచ్చే డబ్బుతో ఇక మీరు కొంటున్నది అందులో కలిపిన శుభ్రపరిచే రసాయనాలను, అంటే యాడిటివ్‌లను.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేసుకోవాలి. "ఈ20 వచ్చాక మైలేజీ పడిపోయింది, ప్రీమియం కొట్టిస్తే మళ్లీ వస్తుంది" అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మైలేజీ పడిపోవడం అబద్ధం కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, ఈ10కి సర్దిన కార్లకు ఈ20తో 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం తయారై ఈ20కి సర్దిన వాటికి 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లో వేసిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లోనే రాశారు. కానీ 95 రకం ప్రీమియంలో కూడా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ వల్ల పోయిన మైలేజీని ఇథనాల్ ఉన్న పెట్రోలే తిరిగి తెస్తుందని ఆశపడటం దండగ.

యాడిటివ్‌కు విలువ ఉందా

ఉంది, అయితే అన్ని ఇంజన్లకూ ఒకేలా లేదు. స్విఫ్ట్, బాలెనో, ఎక్స్‌టర్, పంచ్, అమేజ్, సిటీ లాంటి కార్లలో పెట్రోల్‌ను ఇన్‌టేక్ వాల్వ్‌కు ముందే చల్లుతారు. పెట్రోల్ వాల్వ్ మీదుగా వెళ్తుంది కాబట్టి అందులోని డిటర్జెంట్ వాల్వ్‌కు పట్టిన మసిని కడుగుతుంది. హ్యుందాయ్, కియా టర్బో పెట్రోళ్లు, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల టీఎస్ఐ, మహీంద్రా టీజీడీఐ, మారుతి ఫ్రాంక్స్‌లోని బూస్టర్‌జెట్ అలా కాదు. వాటిలో ఇంజెక్టర్ పెట్రోల్‌ను నేరుగా సిలిండర్ లోపలే చిమ్ముతుంది. ఆ ఇంజన్లలో డిటర్జెంట్ ఇంజెక్టర్ మూతిని శుభ్రంగా ఉంచగలదు గానీ, వాల్వ్ వెనక పేరుకునే మసిని తాకనే తాకదు. పెట్రోల్ అటువైపు పోదు కదా. ప్రీమియం కొట్టిస్తే ఇంజన్ మొత్తం కడిగినట్టు అవుతుందని సర్వీస్ సెంటర్లో ఎవరైనా చెప్తే, మీది ఏ రకం ఇంజన్ అని ముందు అడగండి.

కడగడం అనేది ఒక్క ట్యాంకులో అయ్యే పని కూడా కాదు. ఎప్పుడో ఒకసారి, బిడ్డ పెళ్లికి పోతున్నామనో పండక్కి ఊరెళ్తున్నామనో ప్రీమియం కొట్టిస్తే యాడిటివ్‌కు పనిచేసే అవకాశమే దొరకదు. వరుసగా కొన్ని ట్యాంకులు వాడితేనే ఏదైనా కనిపించాలి. కారు లక్ష కిలోమీటర్ల దగ్గర పడి, పొద్దున స్టార్ట్ చేయగానే ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే, మూడు నాలుగు ట్యాంకులు వరుసగా ప్రీమియం వాడి చూడటం తెలివైన పనే. ఇంజెక్టర్ క్లీనింగ్ పేరుతో సర్వీస్‌లో తీసుకునే బిల్లు కన్నా అది చవక. దానికి ముందు ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో చూసుకోండి.

బ్రాండ్లు ఒక్కొక్కటిగా

ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ 95 మన జిల్లాల్లో ఎక్కువ చోట్ల దొరికే వాటిలో ఒకటి. ఇంతకుముందు ఎక్స్‌ట్రా ప్రీమియం పేరుతో అమ్మినదాని స్థానంలో వచ్చింది. 95 అంకె నాజిల్ మీదే రాసి ఉంటుంది కాబట్టి కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుస్తుంది. ఆ ఒక్క కారణానికే నాకు ఇది నచ్చుతుంది. దీని పెద్దన్న ఎక్స్‌పీ 100 సంగతి కింద విడిగా చెప్తాను.

హెచ్‌పీ వాళ్ల పవర్ 95 కూడా అదే కోవలోది. వీళ్లకు పెద్ద నగరాల్లో పవర్ 99, పవర్ 100 కూడా ఉన్నాయి. భారత్ పెట్రోలియం స్పీడ్ అయితే వీటన్నిటికన్నా పాతది, 2002 నుంచి అమ్ముతున్నారు. చాలా కాలం దాన్ని యాడిటివ్ పెట్రోల్‌గానే అమ్మారు, ఎక్కువ ఆక్టేన్ కావలసినవాళ్లకు స్పీడ్ 97 అని విడిగా ఉంది. కాబట్టి భారత్ బంకులో "స్పీడ్" అనే పేరుతో ఆగిపోకుండా పక్కన అంకె ఏముందో చూడాలి.

షెల్ వాళ్ల వీ-పవర్ హైదరాబాద్ పోయినప్పుడు దొరుకుతుంది. యాడిటివ్‌ల విషయంలో షెల్‌కు ప్రపంచమంతా పేరుంది, ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. షెల్‌లో మామూలు పెట్రోలే ప్రభుత్వ కంపెనీల కన్నా ఖరీదు. వారంలో ఐదు రోజులు హన్మకొండలో తిరిగి, నెలకోసారి ఉప్పల్ దాకా పోయేవాళ్లు అక్కడ ఒక ట్యాంకు వీ-పవర్ కొట్టించుకోవడం వల్ల ఇంజన్‌కు ఒరిగేది ఏమీ ఉండదు. జియో-బీపీ వాళ్లు విడిగా ప్రీమియం అని కాకుండా తమ మామూలు ఇంధనంలోనే యాడిటివ్ కలుపుతామంటారు. అదనంగా డబ్బు అడగనంతవరకు ఆ పద్ధతితో నాకు పేచీ లేదు.

బ్రాండ్ అభిమానులకు ఈ మాట రుచించకపోవచ్చు గానీ, మూడు ప్రభుత్వ కంపెనీలూ ఒకరి డిపోల నుంచి ఇంకొకరు సరుకు తీసుకోవడం మామూలే. మీ భారత్ బంకుకు వచ్చిన మామూలు పెట్రోల్ వేరే కంపెనీ రిఫైనరీలో తయారైనదై ఉండొచ్చు. అసలు పెట్రోల్ అందరిదీ ఒకే ప్రమాణానికి లోబడేదే. కంపెనీకి కంపెనీకి మారేది పైన కలిపే యాడిటివ్. "నేను పదేళ్లుగా హెచ్‌పీ తప్ప ముట్టను" అనేవాళ్ల కారు బాగుందంటే, వాళ్లు పదేళ్లుగా సర్వీస్ కూడా టైముకు చేయించి ఉంటారు.

డబ్బు లెక్క

మామూలు పెట్రోల్ లీటరు 107 రూపాయలు, ప్రీమియం 115 అనుకుందాం. ధరలు మారుతుంటాయి గానీ నిష్పత్తి పెద్దగా మారదు. తేడా 8 రూపాయలు, అంటే ఏడున్నర శాతం. కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంటే కిలోమీటరుకు 6 రూపాయల 69 పైసలు పడుతుంది. ప్రీమియంతో కూడా అంతే పడాలంటే మైలేజీ 17.2కి చేరాలి. అప్పుడు కూడా లాభం లేదు, నష్టం లేదంతే. ఒక్క పెట్రోల్ మార్పుతో రోజూ తిరిగే కారు 16 నుంచి 17.2కి పోవడం జరిగే పని కాదు.

నెలకు 60 లీటర్లు వాడే ఇంటికి తేడా నెలకు 480, ఏడాదికి 5,760 రూపాయలు. చాలా చిన్న కార్లకు ఆ డబ్బుతో కొత్త ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అయిపోయి ఇంకా మిగులుతుంది. పికప్ తగ్గిందని బాధపడే కార్లలో అసలు జబ్బు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. టైర్లలో గాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. బంకులో గాలి ఉచితంగా పట్టాలి, అది వాళ్ల బాధ్యత. అయినా నెలకోసారి దిగి పట్టించుకునేవాళ్లు ఎంతమంది?

మీ కారుకు ఏది

ఇంధన మూత తెరిచి లోపలి వైపు ఉన్న స్టిక్కర్ చూడండి. అక్కడ లేకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో ఇంధనం అనే అధ్యాయం తీయండి. కారును తయారుచేసినవాళ్లు ఏం చెప్పారో అక్కడ ఉంటుంది. కనీసం 91 అని ఉంటే ఇప్పుడు దొరికే మామూలు పెట్రోలే ఆ గీత దాటి ఉంది. కనీసం 95 అన్నా సరిపోతుంది. 98 సిఫారసు అని ఉంటే, మామూలు పెట్రోల్‌తో కారు పాడైపోదు, కంప్యూటర్ సర్దుకుంటుంది. కానీ మీరు డబ్బు పెట్టి కొన్న పికప్‌లో కొంత వదులుకుంటారు. అలాంటి కార్లకు 97 గానీ 100 గానీ కొట్టించడంలో అర్థం ఉంది. కనీసమే 98 అని ఉంటే మాత్రం ఆలోచించే పని లేదు, 98కి తగ్గనిదే కొట్టించాలి.

కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకె) ఎక్కువుంటే ప్రీమియం తప్పదని యూట్యూబ్‌లో చెప్తుంటారు. టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌నే తీసుకోండి. కాగితం మీద దాని కంప్రెషన్ చాలా ఎక్కువ. అయినా అట్కిన్సన్ పద్ధతిలో ఇన్‌టేక్ వాల్వ్‌ను ఆలస్యంగా మూస్తుంది కాబట్టి లోపల నిజంగా పడే ఒత్తిడి అంతుండదు, మామూలు పెట్రోల్‌తోనే హాయిగా నడుస్తుంది. అందుకే కాగితం మీది లెక్కలకన్నా మూత మీద స్టిక్కర్ నమ్మదగ్గది.

టర్బో కార్ల దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఇంజన్‌లోకి పోయే గాలే వేడిగా ఉంటే నాకింగ్‌కు దగ్గరవుతుంది, టర్బో ఆ గాలిని ఇంకా నొక్కి వేడెక్కిస్తుంది. అలాంటి ఎండలో ఐదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నారంటే కంప్యూటర్ నిప్పురవ్వను వెనక్కి లాగుతూనే ఉంటుంది. అక్కడ 97 లాంటిది తేడా చూపించగలదు. 95 ప్రీమియం చూపించేది చాలా తక్కువ. చిక్కేమిటంటే 97, 100 రకాలు ఎక్కువగా దొరికేది పెద్ద నగరాల్లో, ఘాట్ ఉన్నది ఇటువైపు. టర్బో ఓనర్లకు ఇంకా చవకైన మందు ఉంది. కంపెనీ చెప్పిన గ్రేడ్‌లో ఏపీఐ ఎస్పీ ప్రమాణం ఉన్న ఇంజన్ ఆయిల్ పోయించడం, తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్ వేసి తొక్కకపోవడం. చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ వేగంలో ముందే అంటుకునే జబ్బుకు ఆయిల్‌తోనే ఎక్కువ సంబంధం ఉందని తేలి, ఆ ప్రమాణంలో దానికి పరీక్ష కూడా పెట్టారు.

మేడారం జాతర ట్రాఫిక్ గురించి కూడా అడుగుతుంటారు. పస్రా దాటాక గంటల తరబడి మొదటి గేర్, రెండో గేర్లో పాకడమే. అక్కడ కారుకు కావలసింది కూలెంట్ సరిగ్గా ఉండటం, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం, ట్యాంకులో సరిపడా పెట్రోల్. ఆక్టేన్‌తో దానికి పని లేదు. ములుగులోనే ట్యాంకు నింపుకుని పోండి, జాతర రోజుల్లో ముందున్న బంకుల దగ్గర లైను చూస్తే టెన్షన్ మొదలవుతుంది.

100 ఆక్టేన్, ఇథనాల్ లేని పెట్రోల్

ఎక్స్‌పీ 100ను ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్ 1న విడుదల చేసింది. మథుర రిఫైనరీలో, సొంత ఆర్ అండ్ డీ విభాగం తయారుచేసిన ఆక్టామాక్స్ టెక్నాలజీతో చేస్తారు. మొదట ఢిల్లీ, ముంబై లాంటి పది నగరాల్లో పెట్టి, తర్వాతి విడతలో హైదరాబాద్‌ను చేర్చారు. సూపర్ కార్లు, పెద్ద బైకుల కోసం తెచ్చిన ఈ పెట్రోల్‌కు ఈ20 గొడవ మొదలయ్యాక కొత్త గిరాకీ వచ్చింది. కారణం, ఇది ఇథనాల్ కలపని పెట్రోల్‌గా పేరు పడటమే.

పాత కారున్నవాళ్లు దీన్ని అడుగుతున్నారు. లెక్క చూడండి. దీని ధర మామూలు పెట్రోల్‌కు ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంటుంది. ఇథనాల్ లేకపోవడం వల్ల మహా అయితే మైలేజీలో 6, 7 శాతం తిరిగొస్తుంది. దానికోసం యాభై శాతం ఎక్కువ పెట్టడం మైలేజీ లెక్కలో ఎటు చూసినా నష్టమే. రబ్బరు పైపులు, గాస్కెట్లు పాడవుతాయన్న భయం అయితే అర్థం చేసుకోదగ్గదే. పాత బండ్లలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖ కూడా ఒప్పుకుంది. ఆ పైపులేవో ఇథనాల్‌ను తట్టుకునేవి ఒకసారి వేయించేస్తే సరి. పాత జెన్‌కో శాంత్రోకో 100 ఆక్టేన్ పోయించడం కోసం హైదరాబాద్ దాకా పోవడం, పైగా డబ్బాల్లో నింపి డిక్కీలో పెట్టి తేవడం, రెండూ పిచ్చి పనులే. రెండోది ప్రమాదం కూడా.

2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు ఈ భయం అక్కర్లేదు, వాటి భాగాలు ఈ20ను తట్టుకునేలా చేసినవే.

కారు ఇంటి ముందు కవర్ కప్పుకుని ఉండి, కొడుకు బెంగళూరు నుంచి వచ్చినప్పుడే బయటికొచ్చే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టడమే అలాంటి కారుకు చేటు. ప్రీమియం పోసి నిలబెట్టినా అంతే. ట్యాంకు నిండుగా ఉంచి, రెండు వారాలకోసారి హంటర్ రోడ్డు మీద ఒక రౌండు వేసి రావడం దానికి మంచి మందు.

ఏ కంపెనీ కన్నా ఏ బంకు

ప్రీమియం మీద ఎక్కువ డబ్బు పెడుతున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. బంకు భూమి లోపల ప్రీమియానికి వేరే ట్యాంకు ఉంటుంది. ఊరి మధ్యలో, హైవే మీద గిరాకీ ఉన్న చోట ఆ సరుకు త్వరగా కదులుతుంది. రోజుకు నాలుగు కార్లు కూడా ప్రీమియం అడగని మండల కేంద్రంలో అదే సరుకు వారాలు కూర్చుంటుంది, వానాకాలంలో తేమ చేరే అవకాశం పెరుగుతుంది. ఇథనాల్ ఉన్న పెట్రోల్‌లోకి నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోల్‌కు అప్పుడు ఆక్టేన్ కూడా తగ్గుతుంది. డబ్బు ఎక్కువిచ్చి ఆక్టేన్ తక్కువ కొనుక్కోవడమంటే ఇదే. నర్సంపేట, పరకాల దాటి లోపలి రోడ్లలో పోతున్నప్పుడు నేనైతే మామూలుదే కొట్టిస్తాను. అక్కడ ట్రాక్టర్లకు డీజిల్ తర్వాత ఎక్కువ అమ్ముడుపోయేది అదే కాబట్టి, ఉన్నంతలో అదే తాజాది.

అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. నాజిల్ మూతిని తుడిచి ఒక చుక్క కాగితం మీద వేస్తే రెండు నిమిషాల్లో ఆవిరైపోవాలి, ముదురు మరక మిగలకూడదు. కొలత మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్ర ప్రతి బంకులో ఉండాలి, మీ ముందే కొలిచి చూపించమనండి. సాంద్రత కూడా అడగొచ్చు. పెట్రోల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. కానీ ఆ పరిధి చాలా వెడల్పు. అసలు చూడాల్సింది, లోడు వచ్చినప్పుడు చలానాలో రాసిన అంకెకూ ఇప్పటి అంకెకూ 3 పాయింట్లకు మించి తేడా ఉందా అని. ఈ మాట అడిగిన కస్టమర్ని బంకు మేనేజర్ ఒకసారి తేరిపార చూస్తాడు, తర్వాత మర్యాద పెరుగుతుంది.

మీరే చూసుకోవాలంటే

చెప్పినవన్నీ పక్కనపెట్టి సొంత కారుతో తేల్చుకుంటానంటే ఆ ఓపికకు మెచ్చుకోవాలి, కానీ పద్ధతి ఉండాలి. ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ దానంతట అది ఆగిపోయేదాకా కొట్టించి అక్కడితో ఆపేయాలి, "రౌండ్ ఫిగర్ చేయనా సార్" అంటే వద్దనాలి. ఒకే దారి, ఉదాహరణకు హన్మకొండ నుంచి జనగామ దాకా పోయి రావడం, ఒకే వేళకు, ఏసీ ఒకేలా, టైర్లలో గాలి ఒకేలా. మళ్లీ అదే పంపు దగ్గర నాజిల్ ఆగేదాకా నింపి, పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. రెండు రకాలతోనూ కనీసం మూడేసి ట్యాంకులైనా చూడాలి. డాష్‌బోర్డు చూపించే మైలేజీని లెక్కలోకి తీసుకోవద్దు. చల్లటి రాత్రి ఖాళీ రోడ్డు మీద ఏ పెట్రోల్‌తోనైనా కారు చురుగ్గానే ఉంటుంది. ప్రీమియం కొట్టించిన వెంటనే "అబ్బ, ఎంత స్మూత్‌గా పోతోంది" అనిపించడంలో సగం వంతు ఆ అదనపు ఎనిమిది రూపాయల పనే.

ట్యాంకులో మామూలుది ఉండగా ప్రీమియం పోయించినా, ప్రీమియంలో మామూలుది కలిపినా ఇంజన్‌కు ఏమీ కాదు. ఖాళీ చేయాల్సిన పనీ లేదు.

బంకులో మాత్రం ఒక జాగ్రత్త. "ఫుల్ కొట్టు" అని చెప్పి ఫోన్‌లో పడితే ఏ నాజిల్ ఎత్తాడో తెలియదు. "నార్మల్ అయిపోయింది సార్, ప్రీమియమే ఉంది" అనే మాట కూడా వినిపిస్తుంటుంది. అవసరం లేకపోతే పక్క బంకుకు పోండి, కాకపోతే ఒక్క రెండు వందలకు కొట్టించుకుని సాగిపోండి. మీటర్ మీద సున్నా చూసే అలవాటు అందరికీ ఉంది. కొట్టడం మొదలుపెట్టకముందే లీటరు ధర వరుసను కూడా ఒకసారి చూడండి, నార్మలో ప్రీమియమో అది చెప్పేస్తుంది. బిల్లు తీసుకుంటే అందులో సరుకు పేరు కూడా ఉంటుంది.